మెమో గీత

శుక్రవారం ఉదయం పదీ యాభైకి డిటెక్టివ్ ఐరీన్ నొవోట్నీ మెడోలార్క్ కంపెనీ మీటింగు గదిలోకి వచ్చేసరికి, కోరా లిండ్‌క్విస్ట్ రెండు చేతులూ బల్ల కింద దాచుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఐరీన్ ఆ ముఖాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. రెండు రాత్రుల నిద్ర లేదు. కళ్లు ఎదుటి మనిషి మీదికి వస్తాయి, ఆనవు, వెనక్కి వెళ్లిపోతాయి. అడగకముందే ఒప్పేసుకున్న ముఖం అది. ఐరీన్‌కి కాస్త తేలికగా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

బుధవారం ఉదయం పదీ నలభైకి ఫోర్ ఎల్మ్స్ మోటెల్ తొమ్మిదో గదిలో ఎర్ల్ డ్వొరాక్‌ని కాల్చి చంపారు. షెరీఫ్ ఆఫీసులో రిటైరై, వారానికి మూడు రోజులు సాక్షులకు కాపలా ఉండే మనిషి. ఐరీన్‌కి పని నేర్పింది ఆయనే. వచ్చినవాళ్లకు కావలసింది ఎర్ల్ కాదు, మారిసెలా టెల్లెస్. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే మారిసెలా, తన ఫోర్‌మన్ వేన్ స్ట్రూబ్ ఒక మనిషిని చంపుతుండగా చూసింది. సోమవారం కోర్టులో ఆ మాట చెప్పాలి. కాల్పులు జరిగినప్పుడు ఆమె వెనక షెడ్డులో బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లింది కాబట్టి బతికింది.

మోటెల్ గది సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే: ఎర్ల్, మారిసెలా, ఐరీన్. నాలుగోది ఒమాహాలోని ఈ మెడోలార్క్ పేమెంట్స్ కంపెనీ కంప్యూటరు. సాక్షుల ఖర్చులకు కౌంటీ ప్రభుత్వం చెక్కులు పంపడం మానేసి ఏడాదైంది. చెక్కు మీద చిరునామా ఉంటుంది, ఫోన్లోని వాలెట్‌కి ఉండదు. ఐరీన్ ఒక ఫారం నింపుతుంది. కోరా రాసిన ప్రోగ్రాం దాన్ని మోసుకెళ్లి వాలెట్ కంపెనీ తలుపు తడుతుంది. ఆ తలుపునే వీళ్లు ఏపీఐ అంటారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు తెరుచుకుంటుంది, సొమ్ము ఫోన్లోకి చేరుతుంది.

"మంగళవారం రెండూ పదికి నా సాక్షి రికార్డు తెరిచావు," అంది ఐరీన్. "నాలుగు నిమిషాలు చూశావు. ఎందుకు?"

కోరా గోడవైపు నిలబడ్డ మనిషిని చూసింది. "లాయరు వచ్చేదాకా మాట్లాడొద్దన్నారు."

"ఇక్కడినుంచి రోజుకు ఎన్ని చెల్లింపులు వెళ్తాయి?"

"నలభై వేలు."

"నలభై వేలల్లో ఒక్కటి తెరిచి చూశావు. అది నాదే అయింది. ఎంత అదృష్టవంతురాలినో."

గోడవైపు మనిషి నవ్వాడు. "ఉత్తరం తిరగేసి చూడటమే నేరమైతే, ఈ రాష్ట్రంలో పోస్ట్‌మాన్ ఒక్కడు కూడా బయట మిగలడు ఐరీన్."

రస్ హాల్వర్సన్. ఇప్పుడు కంపెనీ భద్రతాధికారి. ఆరేళ్ల కిందటి దాకా షెరీఫ్ ఆఫీసులో ఐరీన్ ఎదుటి బల్ల అతనిదే. అతని చేతిలోంచి ఒక సాక్ష్యం సంచీ ఒక రాత్రి కనిపించకుండా పోయింది. మర్నాడు దొరికింది, కానీ కేసు పోయింది. ఆ రాత్రి సంగతి ఐరీన్ ఉన్నదున్నట్టు చెప్పింది, అతని ఉద్యోగం పోయింది. చిన్న తప్పే కదా, చూడనట్టు ఉండొచ్చుగా అని అడిగాడప్పుడు. చిన్న తప్పు అనేది ఉండదు రస్, అంది ఐరీన్. ఆ వాక్యం తనకు ఎంత నచ్చిందో ఆమెకింకా గుర్తుంది.

"నీ గోడ నువ్వు చూసుకో రస్," అంది. "తొమ్మిదింటికి నేనిచ్చిన ఉత్తరం ప్రకారం ఈ అమ్మాయి పాస్‌వర్డ్ మూసేశారా?"

"కౌంటీ ముద్రతో వచ్చిందిగా. మూసేశాం. బల్లకి టేపు కూడా వేశాం, పుట్టినరోజు కానుకలా. వెళ్లి విప్పుకో."

"ఎర్ల్ నీకూ గురువే."

"అందుకే ఇంకా నీతో మాట్లాడుతున్నాను," అన్నాడు హాల్వర్సన్, నవ్వకుండా.

ఐరీన్ తల తిప్పుకుంది. నిన్న సాయంత్రం ఎర్ల్ భార్య బెర్నీస్ వంటింట్లో కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతోంది. గోడకి ఎర్ల్ వేట తుపాకి వేలాడుతోంది. "ఎవరు చెప్పారో దొరికితే, కోర్టుకంటే ముందు నాకు చెప్పు తల్లీ," అంది బెర్నీస్, కాలరు సరిచేస్తూ. "మిగతాది నేను చూసుకుంటాను." చెప్తానని ఐరీన్ మాటిచ్చింది. ఆ మాట ఇస్తున్నప్పుడు ఆమెకి ఏ భయమూ వేయలేదు.

పదకొండూ ఇరవైకి ముగ్గురూ కోరా బల్ల దగ్గరికి వెళ్లారు. ఐరీన్ చేతులకు తొడుగులు వేసుకుని టేపు కోసింది. ఎండిపోయిన ఓట్స్ గిన్నె. కుర్చీకి వేలాడుతున్న స్వెటర్. సొరుగులో చవకరకం ఫోన్లు రెండు. వాటి వెనక ప్లాస్టరు ముక్కల మీద "ఉప్పు", "మిరియాలు" అని రాసి ఉంది.

"ఇవేంటి?"

"పరీక్షకి," అంది కోరా. "అసలు చెల్లింపు పంపేముందు వీటికి ఒక్క సెంటు పంపి చూస్తాం."

మానిటరు అంచున పసుపు చీటీ అతికించి ఉంది. ఒక ఫోన్ నంబరు. కింద మూడు టైములు: 2:20, 3:05, 4:40. ఒక్కోదాని పక్కన ఒక్కో టిక్కు. చివర గీత గీసి, "రేపు పొద్దున్నే మళ్లీ."

ఐరీన్ ఆ నంబరుని రెండుసార్లు చదివింది. మొదటిసారి అది ఎవరిదో ఆమెకి నిజంగానే తట్టలేదు. తన నంబరుకి మనిషి తనే ఎప్పుడూ ఫోన్ చేసుకోడు.

అది ఆఫీసులో ఆమె బల్ల మీది ఫోన్.

మంగళవారం రెండూ ఇరవైకి తను ఎక్కడుంది? తొమ్మిదో గదిలో. మూడూ అయిదుకి? అక్కడే. ఎర్ల్ క్రిబేజ్ అనే పేకాటలో దొంగ లెక్కలు వేస్తున్నాడు, మారిసెలా పక్కనుంచి పట్టించేస్తోంది, ముగ్గురూ నవ్వుతున్నారు. బల్ల మీది ఫోన్లో సందేశాల పెట్టె నిండిపోయి నెల దాటింది. ఖాళీ చేయాలని రోజూ అనుకుంటూనే ఉంది.

"నాకెందుకు ఫోన్ చేశావు?"

కోరా పెదవులు కదిలాయి.

"కోరా, మాట్లాడకు," అన్నాడు హాల్వర్సన్.

"మాట్లాడకుండానే చంపేశాను కదా ఆయన్ని!" కోరా గొంతు ఆ గదంతా వినిపించింది. అటుపక్క బల్లల దగ్గర తలలు లేచాయి. "మెయిల్ పెట్టాను. మూడుసార్లు ఫోన్ చేశాను. తీయకపోతే కారెక్కి రావాల్సింది. ఇరవై నిమిషాల దారి. అయిదింటికి మా పాపకి ఈత క్లాసుంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపు పదీ నలభైకి..." ఆమె ఆగిపోయింది.

ఐరీన్ ఫోన్ తీసి మెయిల్ వెతికింది. మంగళవారం, రెండూ పద్నాలుగు. పైన "టికెట్" అనీ పక్కన పొడవాటి అంకె. అలాంటివి రోజుకు ముప్పై వస్తాయి, యంత్రాలు యంత్రాలకి రాసుకునే ఉత్తరాలు. తెరవని మెయిల్. తెరిచింది.

"మీరు పంపిన చెల్లింపు నోట్‌లో ఒక చిరునామా ఉంది. నోట్ అందుకునేవారికీ, వాలెట్‌లో వారి స్నేహితులకీ కనిపిస్తుంది. ఇది తెలిసే రాశారా? వెంటనే చెప్పగలరు."

"స్నేహితులకీ అంటే?" అంది ఐరీన్. తన గొంతు ఎవరిదో పక్కగదిలోంచి వస్తున్నట్టుంది.

కోరా సొరుగులోంచి "మిరియాలు" తీసి వెలిగించి ఆమె చేతిలో పెట్టింది. తెర మీద వరసగా చెల్లింపులు. "ఉప్పు"కి మెడోలార్క్ పంపింది: పరీక్ష ఒకటి. "ఉప్పు"కి మెడోలార్క్ పంపింది: సూప్ చల్లారిపోయింది. "ఉప్పు"కి మెడోలార్క్ పంపింది: డేవ్‌కి ఇవాళ కూడా జ్వరమేనట, నమ్మాం.

"ఇవన్నీ ఉప్పుకి పంపినవి," అంది ఐరీన్. "మిరియాలుకి ఏం పంపారు?"

"ఏమీ పంపలేదు. అది ఉప్పు స్నేహితుల జాబితాలో ఉంది, అంతే. ఎంత పంపారో కనిపించదు. ఎందుకు పంపారో కనిపిస్తుంది."

ఎందుకు పంపారో. ఐరీన్‌కి అమ్మ చెక్కుబుక్కు గుర్తొచ్చింది. ఎడమవైపు కింద సన్నటి మెమో గీత. దేనికోసమో రాయని చెక్కు సంతకం లేని ఉత్తరంలాంటిదనేది అమ్మ. గ్యాసుకి, పియానో పాఠాలకి, ఫాదర్ విలియంకి. ముప్పై ఏళ్లు ఐరీన్ ఏ చెక్కు మీదా ఆ గీత ఖాళీ వదల్లేదు. కౌంటీ ఆడిటరుకీ అదే కావాలి. ఈ ఫారంలో రెండు గడులున్నాయి: రిఫరెన్స్, నోట్. రిఫరెన్స్ అంటే ఏదో అంకె అనిపించి వదిలేసింది. నోట్ చూడగానే చెయ్యి దానంతటదే కదిలింది. "ఫోర్ ఎల్మ్స్ మోటెల్, తొమ్మిదో గది, ఒక వారం."

"మీ కౌంటీవాళ్లందరూ అక్కడే రాస్తారు," అంది కోరా నేల చూస్తూ. "జ్యూరీ భోజనాలు, మైలేజీ, కుక్కల ఇంజెక్షన్లు. చూసి నవ్వుకునేదాన్ని. ఆ గడి పక్కన ఒక్క మాట రాసిపెట్టాల్సింది నేను, అందరికీ కనిపిస్తుందని."

ఐరీన్ బ్యాగులోంచి ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులో మారిసెలా ఫోన్ ఉంది. ఫోన్ ఆచూకీతో కనిపెట్టారేమోనని బుధవారమే ఆమె దగ్గర తీసేసుకుని ఆపేసింది. ఫోన్ కొత్తదే, వాలెట్ మాత్రం పాతది. కొత్త వాలెట్ తెరవాలంటే గుర్తింపు పరీక్షకి నాలుగు రోజులు పడుతుందన్నారు. పాతదే వాడుకో, పరవాలేదు అని చెప్పింది ఐరీనే. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం టాకోలు కలిపి తెప్పించుకుని, తలా ఇంత పంపుకోవడానికి అందరూ వాడే వాలెట్ అది. అంటే లైన్లో పక్కన నిలబడి ఎముకలు కోసిన ప్రతివాళ్లూ మారిసెలాకి స్నేహితులే.

ఫోన్ వెలిగింది. తాళం వేసి ఉన్న తెర మీద పాత సందేశాలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మంగళవారం, పన్నెండూ ఆరు. "మీ చెల్లింపుకి డార్లీన్ స్ట్రూబ్ హృదయం గుర్తు పెట్టింది."

వేన్ స్ట్రూబ్ భార్య, ఆమెదీ అదే లైన్లో పని. వేన్ జైల్లో ఉన్నాడు, అతని తమ్ముడు బయటే ఉన్నాడు.

ఇందాక గదిలో చూసిన కోరా ముఖం ఐరీన్‌కి గుర్తొచ్చింది. తప్పు చేసినవాళ్ల ముఖమూ, తప్పు ఆపలేకపోయినవాళ్ల ముఖమూ ఒకేలా ఉంటాయని ఇన్నేళ్లుగా తనకి తెలీదు. ఇంకెన్ని ముఖాల్ని అలా చదివేసిందో.

అప్పుడు ఇంకోటి తట్టింది. ఆమె గడియారం చూసింది. పదకొండూ నలభై ఒకటి.

"ఇవాళ పొద్దున ఏడూ యాభైకి ఇంకో ఫారం నింపాను," అంది.

హాల్వర్సన్ ముందుకొచ్చాడు. "నోట్‌లో ఏం రాశావు?"

"వితంతువు ఇంట్లో ఊరికే తిననంది మారిసెలా. పద్ధతిగా ఉండాలి కదా అని..." ఐరీన్ మళ్లీ గడియారం చూసింది. "బెర్నీస్ డ్వొరాక్ ఇంట్లో భోజనం, వారానికి."

"ఎర్ల్ ఇంట్లో పెట్టావా ఆ అమ్మాయిని?"

"అక్కడ ఎవరు వెతుకుతారులే అనుకున్నాను."

"దేవుడా," అన్నాడు హాల్వర్సన్. మొదటిసారి అందులో వెటకారం లేదు.

ఐరీన్ కంట్రోల్ రూముకి ఫోన్ చేసింది. దగ్గర్లో ఉన్న పోలీసు కారు బెర్నీస్ ఉండే ఊరు చేరడానికి ముప్పై అయిదు నిమిషాలు. బెర్నీస్ వంటింటి ఫోన్‌కి చేసింది. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. రేపు అంత్యక్రియలు, ఊరు ఊరంతా ఫోన్లు చేస్తోంది, పరామర్శకి వండిన కాసెరోల్ గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వస్తోంది. మారిసెలా ఫోన్ తన చేతిలోనే ఉంది.

"లాక్ తీస్తే, వచ్చీ రాగానే నోట్ దాచెయ్యొచ్చు," అంది కోరా. "కోడ్ తెలుసా?"

"ఆమెకే తెలుసు. వాలెట్ కంపెనీకి ఫోన్ చేస్తే?"

"టికెట్ నంబరు ఇస్తారు." కోరా అప్పటికే కుర్చీ లాక్కుంది. "ఇంకా పన్నెండు కాలేదు. చెల్లింపుల వరసలోంచి నేను తీసెయ్యగలను, ఒక్క నిమిషం పని. కానీ ఆ హక్కు ఉన్నది నా ఒక్క పాస్‌వర్డ్‌కే, అదేమో..."

ఇద్దరూ హాల్వర్సన్‌ని చూశారు.

"కౌంటీ ముద్రతో మూయించిందాన్ని నా నోటిమాటతో తెరవలేను," అన్నాడతను. "సంతకం చేసినావిడే మళ్లీ రాసివ్వాలి, కారణంతో సహా. అది మా రూలు. నీలాంటివాళ్ల కోసమే పెట్టాం." జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "చిన్న తప్పు అనేది ఉండదట. ఎవరో చెప్పారు నాకు. రాయి."

ఆమె ఉదయం ఇచ్చిన ఉత్తరం వెనకే రాసింది. "కోరా లిండ్‌క్విస్ట్ వల్ల సమాచారం బయటికి పోలేదు. నేను నోట్ గడిలో రాయడం వల్ల పోయింది. హెచ్చరిక వచ్చినా నేను చదవలేదు. ఆమె పాస్‌వర్డ్ వెంటనే తెరవండి." సంతకం. టైము పదకొండూ నలభై తొమ్మిది.

హాల్వర్సన్ చదివాడు. ఆరేళ్లుగా ఆ కాగితం కోసమే ఎదురుచూసినట్టు ఒక్క క్షణం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దానికి ఫోటో తీసి పంపి, ఫోన్లో ఎవరిమీదో అరిచాడు. "ఆమోదాల కమిటీ మొహం తగలెయ్య, ఇప్పుడే తెరువు!"

పదకొండూ యాభై ఏడుకి కోరా తెర వెలిగింది. ఆమె వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తి, ఠక్కున ఆగిపోయాయి.

"ఏమైంది?"

"వరస మూసుకుపోయింది." కోరా కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయిదు నిమిషాల ముందే మూసుకుంటుంది. చివరి నిమిషంలో ఎవరూ ఏదీ మార్చకుండా. దొంగలొస్తారని మేమే పెట్టుకున్నాం."

తర్వాత చెయ్యడానికేమీ లేదు. పన్నెండయింది. తెర మీద ఆ ఒక్క వరస పక్కన "వెళ్తోంది" అని వచ్చింది. పన్నెండూ ఒకటికి పచ్చటి టిక్కు. అన్నీ సక్రమంగా జరిగాయని చెప్పే గుర్తు. ఐరీన్ చేతిలోని సంచీలో మారిసెలా ఫోన్ కులాసాగా గంట కొట్టింది.

పన్నెండూ రెండుకి మళ్లీ కొట్టింది. డార్లీన్ స్ట్రూబ్ హృదయం గుర్తు పెట్టింది.

"డార్లీన్ ఎక్కడుంటుంది?" అన్నాడు హాల్వర్సన్.

"ఆ ఊళ్లోనే. బెర్నీస్ ఇంటికి పది నిమిషాలు."

"పద. నేను నడుపుతాను. నువ్వు ఫోన్ చేస్తూనే ఉండు."

కారు హైవే ఎక్కాక ఐరీన్ బెర్నీస్ నంబరు నొక్కుతూనే ఉంది. ఎంగేజ్. ఎంగేజ్. స్పీడోమీటరు ముల్లు తొంభై మైళ్లు దాటింది. పన్నెండూ పదహారుకి కంట్రోల్ రూం నుంచి కబురొచ్చింది: పోలీసు కారు ఊరి పొలిమేర చేరింది, ఇంకో మూడు నిమిషాలు. పన్నెండూ పదిహేడుకి బెర్నీస్ ఫోన్ మోగింది.

"హలో? అబ్బ, ఐరీన్! పొద్దున్నుంచీ ఈ ఫోన్ నన్ను కూర్చోనివ్వలేదంటే నమ్ము."

"మారిసెలా ఎక్కడుంది?"

"పైన పడుకుంది పాపం. ఉండు తల్లీ, ఎవరో గంట కొడుతున్నారు. కిటికీలోంచి కనిపిస్తోంది. చేతిలో గిన్నె ఉంది. ఇందాకే అరిచి చెప్పింది, డార్లీన్‌ట, ఎర్ల్‌ని ఎరుగుదునంటోంది. బండిలో ఇంకో ఆయన కూర్చున్నాడు. ఒక్క నిమిషం ఆగు, ఇద్దర్నీ లోపలికి రమ్మని..."

"తలుపు తీయకండి."

"గిన్నె పట్టుకుని వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టమంటావా? నలభై ఏళ్లలో నా గుమ్మంలో ఎవర్నీ అలా నిలబెట్టలేదు."

ఐరీన్ కళ్లు మూసుకుంది. ఆ వంటిల్లు కళ్లకి కట్టింది. గోడకి తగిలించిన పాత ఫోన్. దాని చుట్టల తీగ వంటింటి గడప దాకా వస్తుంది, వీధి గుమ్మం దాకా రాదు. ఫోన్ పక్కనే ఎర్ల్ తుపాకి. వాళ్లెవరో చెబితే బెర్నీస్ తలుపుకి గడియ పెట్టుకునే మనిషి కాదు. తుపాకి తీసుకుని తానే తలుపు తీస్తుంది. తీస్తే, బండిలో ఉన్నవాడు ముందు కాలుస్తాడు. ఇంకా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ ఆమెని ఆ తీగకి కట్టేసి ఉంచగలిగింది లోకంలో ఒక్కటే ఉంది. అది ఐరీన్ దగ్గరే ఉంది.

"బెర్నీస్," అంది. "మీరు నన్నొకటి అడిగారు. ఎవరు చెప్పారో దొరికితే, కోర్టుకంటే ముందు మీకు చెప్పమన్నారు. దొరికింది."

అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?"

హాల్వర్సన్ రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పలేదు. స్టీరింగు మీద అతని పిడికిళ్లు తెల్లబడ్డాయి.

"నేను," అంది ఐరీన్. "గది నంబరు రాసింది నేనే. మంగళవారం పొద్దున్న, నా చేత్తో. తప్పని చెప్పడానికి ఒకమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి రెండూ ఇరవైకి. ఆ టైముకి నేను ఎర్ల్‌తో పేకాడుతున్నాను బెర్నీస్. ఆయన గెలుస్తున్నాడు."

ఫోన్లో దూరంగా గంట మళ్లీ మోగింది. ఓపిక నశించినట్టు, వరసగా రెండుసార్లు. బెర్నీస్ ఊపిరి వినిపిస్తోంది. ఆమె కదల్లేదు.

"ఇంకా చెప్పు," అంది బెర్నీస్.